కోబాల్ జోకులు: లోపలివాళ్లవీ, బయటివాళ్లవీ

పోయిన జూలైలో మా ఆఫీసుకి కొత్త బ్యాచ్ వచ్చింది. ట్రైనింగ్ మొదలయ్యే ముందు ఎవరికి ఏ స్ట్రీమ్ పడిందో ఒక ఎక్సెల్ షీట్ పంపుతారు. జావా, క్లౌడ్, డేటా, టెస్టింగ్, ఇలా. షీట్ వచ్చిన పావుగంటకి నేను లేడీస్ రూమ్‌కి వెళ్తే, నరసరావుపేట నుంచి వచ్చిన అమ్మాయి ఒకతె వాష్‌బేసిన్ దగ్గర ముఖం కడుక్కుంటోంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఏమైందమ్మా అంటే మాట రాక ఫోన్ నా చేతికిచ్చింది. తన పేరు పక్కన "మెయిన్‌ఫ్రేమ్" అని ఉంది. బ్యాంకులూ బీమా కంపెనీలూ లెక్కలకి వాడే పెద్ద కంప్యూటర్లవి, వాటి మీద నడిచే పాత ప్రోగ్రామింగ్ భాష కోబాల్. వాళ్ల వాట్సాప్ గ్రూపులో అప్పటికే ఎవరో ఒక బొమ్మ పెట్టేశారు. కంప్యూటర్ ముందు కూర్చున్న అస్థిపంజరం, దాని కింద "మన కొత్త కోబాల్ డెవలపర్". ఆ బొమ్మ కింద వరసగా నవ్వు మొహాలు.

"అక్కా, నాలుగేళ్లు కష్టపడి పైథాన్ నేర్చుకున్నాను. ఇప్పుడు ఇదా? మా కాలేజీ వాళ్లందరూ నవ్వుతున్నారు" అంది.

1999 నుంచి నా ఇల్లు గడిచింది ఆ భాషతోనే. మా పిల్లల చదువులు, అమ్మ ఆపరేషన్, మేముంటున్న ఫ్లాటు, అన్నీ అందులోంచి వచ్చినవే. ఆ రోజు ఆమెకి ఏదో సర్దిచెప్పి పంపించాను గానీ, చెప్పాల్సింది సరిగ్గా చెప్పలేకపోయానని అప్పటినుంచీ మనసులో ఉంది. అందుకే ఇది రాస్తున్నాను.

కోబాల్ మీద జోకులు వేయొద్దని నేను అనను. ఆ భాషతో కాపురం చేసినవాళ్లు వేసే జోకులు నాకు ప్రాణం. కానీ ఆ భాషలో ఒక్క ప్రోగ్రాము కూడా చదవనివాళ్లు వేసే జోకులు వేరే జాతివి. రెండూ ఒకే మాటలతో ఉండొచ్చు, రెండిటికీ జనం ఒకేలా నవ్వొచ్చు. మొదటిరకం పని తెలిసినవాళ్ల మధ్య చనువు. రెండోరకం వల్ల నష్టం జరిగింది, ఇంకా జరుగుతోంది.

లోపలివాళ్ల జోకులంటే ఎలా ఉంటాయో చూడండి. సి భాషలో ఒకటి కలపడానికి రెండు ప్లస్‌లు చాలు. అందుకే సి తర్వాత వచ్చిన భాషకి సి ప్లస్ ప్లస్ అని పేరు. మరి కోబాల్‌కి అలాంటి కొత్త రూపం వస్తే పేరేం పెట్టాలి? "యాడ్ 1 టు కోబాల్ గివింగ్ కోబాల్." ఇది విని నవ్వాలంటే యాడ్ వాక్యం ఎలా రాస్తారో తెలిసుండాలి. కోబాల్‌లో అంకెకి అంకె కలపడం కూడా నిండు వాక్యమే. "కోబాల్ వేళ్లు" అని ఇంకో పాత మాట ఉంది. అంత పొడుగు వాక్యాలు టైపు చేసీ చేసీ వేళ్లు అరిగి మొండివైపోతాయట. ప్రతి కోబాల్ ప్రోగ్రాములో ఐడెంటిఫికేషన్ డివిజన్, ఎన్విరాన్‌మెంట్ డివిజన్, డేటా డివిజన్ అనే భాగాలు దాటుకుని ప్రొసీజర్ డివిజన్ చేరేసరికి అసలు పని మొదలవుతుంది. మన పెళ్లిళ్లలో ప్రవర చదివినట్టు గోత్రం, వంశం, తాత పేరు అన్నీ చెప్పాకే తాళి. రోజూ ఈ నాలుగు డివిజన్లూ రాసినవాడు దీని మీద నవ్వితే అది ఇంట్లోవాళ్లు ఇంట్లోవాళ్లని ఆటపట్టించడం.

చుక్క సంగతి ఇంకా ముఖ్యం. కోబాల్‌లో వాక్యం చివర చుక్క పెడతాం, మామూలు రాతలో పెట్టినట్టే. 1985లో వచ్చిన భాషా ప్రమాణంలో ఎండ్-ఇఫ్ అనే ముగింపు మాట చేరేదాకా "ఇఫ్" అనే షరతు ఎక్కడ ముగుస్తుందో చెప్పేది ఆ చుక్కే. ఖాతాలో డబ్బు కనీస నిల్వ కంటే తగ్గితే రుసుము వేయి, కస్టమర్‌కి ఉత్తరం పంపు అని రెండు లైన్లు రాశారనుకోండి. మొదటి లైను చివర పొరపాటున చుక్క పడితే ఇఫ్ అక్కడితో ఐపోతుంది. రెండో లైను ఇక ఏ షరతూ లేకుండా నడుస్తుంది. రుసుము సరైనవాళ్లకే పడుతుంది, ఉత్తరం మాత్రం బ్యాంకులో ఉన్న ప్రతివాళ్లకీ వెళ్తుంది. మన రాతని మిషన్ భాషలోకి మార్చే కంపైలర్ ఏమీ అనదు, వ్యాకరణం ప్రకారం అంతా సరిగ్గానే ఉంది కదా. 132 అక్షరాల ప్రింటవుట్ మీద స్కేలు పెట్టి లైను లైనూ చూస్తూ ఆ చుక్క కోసం వెతికినవాళ్లకి చుక్క మీద జోకు వేసే హక్కుంది.

ఇక అన్నిటికంటే పాతది సమాధి రాయి. 1959 మే 28, 29 తేదీల్లో పెంటగాన్‌లో ఒక సమావేశం జరిగింది. అప్పట్లో ప్రతి కంపెనీ కంప్యూటర్‌కీ దాని భాష దానిదే. మిషన్ మారిస్తే ప్రోగ్రాములన్నీ మొదటినుంచీ రాసుకోవాలి. అందరికీ కలిపి ఒక వ్యాపార భాష కావాలని బరోస్ కంపెనీలో పనిచేసే మేరీ హాస్ ముందు అడిగింది. అమెరికా రక్షణ శాఖ పూనుకుంది. కమిటీలు ఏర్పడ్డాయి, తర్వాత కమిటీలు చేసే పనే చేశాయి. ఆర్‌సీఏ అనే కంప్యూటర్ కంపెనీ తరఫున అందులో ఉన్న హోవర్డ్ బ్రాంబర్గ్‌కి విసుగొచ్చింది. సమాధులు చెక్కే దుకాణానికి వెళ్లి, పైన గొర్రెపిల్ల బొమ్మతో తెల్లటి రాయి మీద "కోబాల్" అని చెక్కించి, రక్షణ శాఖలో ఈ పని చూస్తున్న చార్లెస్ ఫిలిప్స్‌కి పంపించాడు. ఇదేం పేరని దుకాణంవాడు అడిగితే పోలండ్‌వాళ్ల పేరు, కొంచెం కురచ చేశాం అన్నాడట. ఆ రాయి ఇప్పుడు కాలిఫోర్నియా మౌంటెన్ వ్యూలోని కంప్యూటర్ హిస్టరీ మ్యూజియంలో ఉంది.

నాకు ఈ కథలో నచ్చేది బ్రాంబర్గ్ కోపం. అతను ఆ భాష చచ్చిపోవాలని కోరుకోలేదు, త్వరగా పుట్టాలని కోరుకున్నాడు. ఆ తర్వాత ఆరుగురు కూర్చుని దాన్ని రాశారు, అందులో అతనూ ఒకడు. జీన్ సామెట్, గెర్ట్రూడ్ టియర్నీ అనే ఇద్దరు ఆడవాళ్లు కూడా ఆ ఆరుగురిలో ఉన్నారు. 1960 డిసెంబర్‌లో ఒకే ప్రోగ్రాము ఆర్‌సీఏ 501 మీదా, రెమింగ్టన్ రాండ్ యూనివాక్ 2 మీదా నడిచింది. రెండు వేర్వేరు కంపెనీల మిషన్లు, ఒకే ప్రోగ్రాము. ఈ రోజుల్లో మనకది గాలి పీల్చినంత మామూలు. కోబాల్‌కి అప్పుడు అది మొదటిసారి. సమాధి రాయి జోకు వెనకాల ఇంత పనుంది.

తొలితరం కంప్యూటర్ శాస్త్రవేత్త గ్రేస్ హాపర్ చెప్పుకునే ఒక ముచ్చట కూడా ఇలాంటిదే. కోబాల్‌కి తల్లివేరు ఆమె చేసిన ఫ్లో-మ్యాటిక్ అనే భాష. ఇంగ్లీషు మాటలతో కంప్యూటర్‌కి పని చెప్పొచ్చని చూపించాక, ఆమె అదే ప్రోగ్రామును ఫ్రెంచిలో, జర్మన్‌లో కూడా రాసి పైవాళ్లకి చూపించింది. మాటలు మారినా మిషన్‌కి ఒకటేనని చెప్పడం ఆమె ఉద్దేశం. వాళ్లు బెదిరిపోయారు. ఫిలడెల్ఫియాలో తయారైన అమెరికన్ కంప్యూటర్‌కి ఫ్రెంచీ జర్మనూ ఎలా అర్థమవుతాయి అన్నారు! ఈ ముచ్చట చదివిన రోజు నేను నోట్‌బుక్‌లో తెలుగు కోబాల్ రాసి చూసుకున్నాను. "మొత్తానికి 1 కలుపు." మన వాక్యంలో క్రియ చివరికొస్తుంది, అంతే తేడా. చదవడానికి ఎంత హాయిగా ఉందో.

ఇప్పుడు రెండోరకం.

1975లో ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా అనే డచ్ కంప్యూటర్ శాస్త్రవేత్త ఒక చిన్న నోటు రాశాడు. కోబాల్ వాడకం బుర్రని అవిటిది చేస్తుందనీ, కాబట్టి దాన్ని నేర్పడాన్ని నేరంగా చూడాలనీ అందులో ఒక వాక్యం ఉంది. ఆయన గొప్పవాడు, నేను చదువుకున్న అల్గారిథమ్స్‌లో ఆయన పేరు మీదే ఒకటుంది. ఆ నోటులో ఆయన ఫోర్‌ట్రాన్‌నీ, బేసిక్‌నీ కూడా వదల్లేదు. కానీ కోబాల్ మీద మాట మాత్రం ఇప్పటికీ క్లాసురూముల్లో తిరుగుతూనే ఉంది. పెద్దాయన అన్నాడు కాబట్టి పిల్లలు చదవకుండానే నవ్వొచ్చన్న అనుమతి దొరికింది.

యూనివర్సిటీలు ఈ భాషని పట్టించుకోకపోవడం మీద జీన్ సామెట్‌కి బాధ ఉండేది. జీతాల పట్టీ, బీమా పాలసీ, సరుకు లెక్క లాంటి పనులు పండితులకి రుచించలేదు. ఒక రికార్డులో పేరు, అందులోనే ఇంటిపేరు, చిరునామా, అందులో పిన్‌కోడు అని మెట్లు మెట్లుగా డేటాని వర్ణించే పద్ధతిని అంత స్పష్టంగా వ్యాపార ప్రోగ్రాముల్లోకి తెచ్చింది కోబాల్. ఇవాళ ఏ భాషలో చూసినా ఆ ఆలోచన ఉంది. దానికి మాత్రం ఏ క్లాసులోనూ ఎవరూ చప్పట్లు కొట్టరు.

నేను నేర్చుకుంది కాలేజీలో కాదు, అమీర్‌పేటలో. 1998 చివర్లో మైత్రీవనం చుట్టుపక్కల ఏ గోడ చూసినా కోబాల్, జేసీఎల్, సీఐసీఎస్, డీబీ2 అనే నాలుగు మెయిన్‌ఫ్రేమ్ మాటలే. హాస్టల్లో గదికి ఐదుగురం. జెరాక్స్ మెటీరియల్, పొద్దున ఆరింటి క్లాసు. అసలు మెయిన్‌ఫ్రేమ్‌ని మాలో ఎవరూ కంటితో చూడలేదు. మాకు చెప్పిన సార్ గుడివాడ వైపు మనిషి. మొదటి ప్రోగ్రాములో వేరియబుల్స్‌కి పేర్లు ఆయన అసలు, వడ్డీ అని పెట్టారు. "మల్టిప్లై అసలు బై రేటు గివింగ్ వడ్డీ రౌండెడ్." బోర్డు మీద అది చూసి కామర్స్ చదివిన నేను మొట్టమొదటిసారి కంప్యూటర్ భయం లేకుండా కూర్చున్నాను. మా నాన్న కొట్లో ఖాతా పుస్తకం నాకు తెలుసు. ఈ భాష ఆ పుస్తకం మాట్లాడుతోంది.

వైటూకే, అంటే 2000 సంవత్సరం తేదీల సమస్య, ఆ పని కోసమే మమ్మల్ని అంతమందిని తయారుచేశారు. 80 గళ్ల పంచ్ కార్డులు, ఖరీదైన మెమరీ ఉన్న కాలంలో సంవత్సరానికి రెండంకెలే కేటాయించారు. 99 తర్వాత 00 వస్తే మిషన్ దాన్ని 1900 అనుకుంటుంది. లక్షల లైన్లు తెరిచి ప్రతి తేదీనీ పట్టుకోవాలి. అమెరికా హెచ్-1బీ వీసాల పరిమితిని 65,000 నుంచి 1,15,000కి పెంచిన సంవత్సరాలవి. మన జిల్లాల నుంచి ఎంతోమంది మొదటిసారి విమానం ఎక్కింది ఆ రెండంకెల పుణ్యాన.

అప్పటి జోకు ఒకటుంది. వైటూకే పనితో అలసిపోయిన కోబాల్ ప్రోగ్రామర్ ఒకడు, ఈ గొడవంతా తీరాక లేపండని చెప్పి మంచులో గడ్డకట్టించుకుని పడుకుంటాడు. లేచేసరికి ఎన్నో తరాలు దాటిపోయాయి. చుట్టూ పెద్దమనుషులు. రోగాలు పోయాయి, యుద్ధాలు పోయాయి, లోకం సుభిక్షంగా ఉంది. మరి నన్నెందుకు లేపారు అంటాడు. "ఇది 9999వ సంవత్సరం. నీకు కోబాల్ వచ్చని రికార్డుల్లో ఉంది." ఇప్పటికీ దీన్ని గుర్తుచేసుకుంటే నాకు నవ్వొస్తుంది. ఇందులో భాషకి అవమానం లేదు. పని చేసేవాడి అలుపుంది, ఆ పని ఎప్పటికీ తరగదన్న నిజముంది.

2000 జనవరి 1 మామూలుగా తెల్లవారింది. అంతా ఉత్తదే, అనవసరంగా భయపెట్టారు అని లోకం నవ్వింది. ఆ నవ్వు మాత్రం బయటివాళ్లది. రెండేళ్లు రాత్రీ పగలూ కూర్చుని సరిచేశారు కాబట్టి ఏమీ జరగలేదు.

ఒక రాత్రి సంగతి చెప్తాను. 2004 చలికాలం, కనెటికట్ రాష్ట్రం హార్ట్‌ఫర్డ్. బీమా కంపెనీల ఊరు. ఒక కంపెనీకి బ్యాచ్ సపోర్ట్‌లో ఉన్నాను. బ్యాచ్ అంటే రాత్రిపూట వరసగా నడిచే లెక్కల ప్రోగ్రాములు, ఒక్కోదాన్ని జాబ్ అంటాం. తెల్లవారుజామున 2:40కి పేజర్ మోగింది. ప్రీమియం పోస్టింగ్ జాబ్ పడిపోయింది. ఎస్-జీరో-సి-7, మేం "సాక్ సెవెన్" అనుకుంటాం. అంకెలు ఉండాల్సిన చోట అంకెలు కానివి ఉన్నాయని మిషన్ చెప్పే మాట అది. ఆరింటికల్లా బ్యాచ్ ముగియకపోతే పొద్దున్నే ఏజెంట్లకి స్క్రీన్లు తెరుచుకోవు.

కిటికీ బయట మంచు పడుతోంది. ఒళ్లో లాప్‌టాప్, తెర మీద డంపు, అంటే జాబ్ పడిపోయిన క్షణంలో మెమరీలో ఉన్నదంతా. తప్పు వచ్చిన ఫీల్డు, అంటే రికార్డులోని గడి, డబ్బుది, ఐదు బైట్లది. ప్యాక్డ్ డెసిమల్‌లో ఒక్కో బైటులో రెండేసి అంకెలు సర్దుకుంటాయి, ఆఖరి సగంలో గుర్తు ఉంటుంది. సి ఉంటే ప్లస్, డి ఉంటే మైనస్. 123 రూపాయల 45 పైసలైతే చివర్లో 12, 34, 5సి అని కనబడాలి. నాకు కనబడింది 40, 40, 40, 40, 40. మెయిన్‌ఫ్రేమ్ లిపిలో 40 అంటే ఖాళీ జాగా. ఎవరో డబ్బు ఉండాల్సిన చోట ఏమీ రాయకుండా పంపారు. ఆఖరి సగంలో గుర్తు బదులు సున్నా ఉంది. మిషన్ దాన్ని కూడనంది. తెలియనిదాన్ని ఊహించి సున్నా అనుకోలేదు, ఏదో ఒక అంకె వేసి ముందుకి పోలేదు, ఆగింది.

ఆ ఫైలు ఎక్కడినుంచి వస్తోందని వెనక్కి వెళ్తే, ఆ వారమే మొదలైన కొత్త వెబ్ అప్లికేషన్ తేలింది. పాత ఫీడ్‌లు, అంటే బయటినుంచి వచ్చే ఫైళ్లు, చదివే ప్రోగ్రాము తెరిస్తే ఏడో గడిలో స్టార్ పెట్టి ఒక కామెంట్ ఉంది. 1983 తేదీ, మూడు అక్షరాల పొట్టి సంతకం. "బ్రాంచిల నుంచి ఈ ఫీల్డు ఖాళీగా రావచ్చు. కూడే ముందు చూసి పక్కన పెట్టు." ఇరవై ఒక్క ఏళ్ల కిందట ఎవరో ఇదే దెబ్బ తిని, వెనకొచ్చేవాళ్ల కోసం రాసిపెట్టారు. కొత్త దారిలో ఆ జాగ్రత్త ఎవరూ పెట్టలేదు. అదే పద్ధతిలో ఆ రికార్డులు పక్కకి తీసి జాబ్ మళ్లీ ఎక్కించాను. 5:20కి ముగిసింది.

పొద్దున కాల్‌లో మేనేజర్ మొదటి మాట, "రాత్రి మన డైనోసార్ మళ్లీ పడిపోయిందటగా." లైన్లో అందరూ నవ్వారు. వెబ్ టీమ్ వాళ్లు కూడా. ఎద్దు పుండు కాకికి ముద్దు అంటారే, అలా అనిపించింది. ఆ నవ్వులో ఒక పని జరిగిపోయింది. తప్పు ఎక్కడుందో అడగాల్సిన అవసరం పోయింది. భాష పాతది కాబట్టి తప్పు దానిదే. నా అభ్యంతరమంతా ఈ నవ్వు మీదే.

ఇది ఒక ఆఫీసుకి పరిమితం కాలేదు. 2020 ఏప్రిల్‌లో కరోనా దెబ్బకి న్యూజెర్సీలో ఒక్క వారంలోనే 2 లక్షలకు పైగా మనుషులు నిరుద్యోగ భృతికి దరఖాస్తు పెట్టారు. గవర్నర్ ఫిల్ మర్ఫీ విలేకరుల ముందు, మా సిస్టమ్స్ 40 ఏళ్లకి పైబడినవి, ఆ భాష తెలిసిన వాలంటీర్లు కావాలన్నాడు. కోబాల్ అనబోయి కోబాల్ట్ అన్నాడు. అది పెద్ద జోకైంది. అక్కడి ఎడిసన్ ఊళ్లో ఉండే నా స్నేహితురాళ్లు ఆ వీడియో నాకు పదిసార్లు పంపారు. ఆ ఒత్తిడికి ముందు ఒరిగింది జనం దరఖాస్తు పెట్టుకునే వెబ్‌సైటు పొర అనీ, లోపలున్న పాత ప్రోగ్రాములు తమ పని చేస్తూనే ఉన్నాయనీ కంప్యూటర్ చరిత్ర రాసేవాళ్లు తర్వాత ఎత్తిచూపారు. ఏళ్ల తరబడి ఆ శాఖలో మనుషుల్ని తగ్గించి, రిటైరైనవాళ్ల స్థానంలో ఎవరినీ తీసుకోకుండా వదిలేసిన నిర్ణయాల గురించి ఎవరూ జోకు వేయలేదు. అత్త మీద కోపం దుత్త మీద పడింది.

2025 ఫిబ్రవరిలో ఇంకో విచిత్రం. అమెరికా సోషల్ సెక్యూరిటీ, అంటే ప్రభుత్వ పింఛను, లెక్కల్లో 150 ఏళ్లవాళ్లున్నారని ఎలాన్ మస్క్ అన్నాడు. ఆయన్ని తప్పుపట్టాలనుకున్న ప్రోగ్రామర్లు ఒక వివరణ పుట్టించారు. కోబాల్‌లో తేదీ లేకపోతే 1875 మే 20 అని పడుతుంది, అందుకే 150 ఏళ్లు వస్తోందని. చదువుకున్నవాళ్లు లక్షలమంది దాన్ని నవ్వుతూ పంచుకున్నారు. కోబాల్ రాసేవాళ్లెవరిని అడిగినా చెప్పేవారు, ఈ భాషలో తేదీ అనే ప్రత్యేక రకమే లేదు, పిక్ క్లాజ్‌లో మనం ఎన్ని అంకెలిస్తే అన్ని. ఉన్న తేదీ ఫంక్షన్లు రోజులు లెక్కపెట్టేది 1601 జనవరి 1 నుంచి. 1875 మే 20 మీటరు ఒప్పందం జరిగిన రోజు, వేరే ప్రమాణపత్రంలోంచి ఊడిపడింది. అసలు కారణం బొత్తిగా మామూలుది. 1920లోనో అంతకుముందో పుట్టి, మరణం నమోదుకాని వాళ్ల సోషల్ సెక్యూరిటీ నంబర్లు సుమారు 1 కోటి 89 లక్షలున్నాయనీ, వాటిలో దాదాపు 98 శాతానికి ఏ చెల్లింపూ వెళ్లడంలేదనీ ఆ శాఖ ఇన్‌స్పెక్టర్ జనరల్ 2023లోనే రాశారు. చనిపోయినవాళ్ల కాగితాలు అందలేదు, అంతే. ఆ భాష గురించి ఏం చెప్పినా నమ్మేలా జోకులు జనాన్ని తయారుచేశాయి. మస్క్ మాట నమ్మినవాళ్లూ, ఆయన్ని ఎగతాళి చేసినవాళ్లూ ఇద్దరూ ఒకే అజ్ఞానం మీద నిలబడ్డారు.

కోబాల్‌లో లోపాలు లేవని నేను వాదించను. ఒక ప్రోగ్రాములో వర్కింగ్-స్టోరేజ్‌లో, అంటే డేటా దాచుకునే చోట, ఉన్న ప్రతి వేరియబుల్‌నీ ఆ ప్రోగ్రాములో ఏ పేరా అయినా ముట్టుకోవచ్చు, పదివేల లైన్ల ప్రోగ్రాములో ఎవరు ఎక్కడ మార్చారో పట్టుకోవడం నరకం. గో టు వాక్యం ఎటు దూకాలో నడుస్తుండగానే మార్చేసే ఆల్టర్ అనే క్రియ ఉండేది. కాగితం మీద ఒకటి చదువుతాం, మిషన్ ఇంకోటి చేస్తుంది. దాన్ని 2002 ప్రమాణంలో తీసేశారు, ఎప్పుడో తీసెయ్యాల్సింది. వీటి మీద ఎంత తిట్టినా నేనూ గొంతు కలుపుతాను. కానీ డబ్బు లెక్క దగ్గరికొస్తే మాత్రం వెనక్కి తగ్గను. చాలా భాషల్లో 0.1కి 0.2 కలిపితే 0.30000000000000004 వస్తుంది. మామూలు దశాంశాల్ని అవి సున్నా, ఒకటి మాత్రమే ఉండే బైనరీ పద్ధతిలోకి మార్చి దాచుకుంటాయి కాబట్టి. వాటిలో కచ్చితమైన లెక్కకి వేరే లైబ్రరీ తెచ్చుకోవాలి, తెచ్చుకోవాలని ముందు తెలిసుండాలి. కోబాల్‌లో పైసలకి రెండు స్థానాలని పిక్ క్లాజ్‌లో రాస్తే అవి పైసలే. ఎక్కడ రౌండ్ చేయాలో మనం రాయాలి, అంకె పట్టకపోతే ఏం చేయాలో ఆన్ సైజ్ ఎర్రర్ కింద మనం రాయాలి. కొట్లో మా నాన్న రాత్రి తొమ్మిదింటికి ఒక్క రూపాయి తేడా వచ్చినా లేవకుండా కూర్చునేవారు. ఆయన స్వభావం ఈ భాషలో ఉంది.

ఆ నరసరావుపేట అమ్మాయి నా టీమ్‌లోకే వచ్చింది. మొదటి రెండు నెలలు మాట్లాడేది తక్కువ. అక్టోబర్‌లో ఒకరోజు ఆమె మార్చిన ప్రోగ్రాము టెస్టులో తప్పుడు లెక్క ఇచ్చింది. పేరా అంతా పాతకాలపు రాత, ఒక్క ఎండ్-ఇఫ్ లేదు. నేను చెప్పకుండా పక్కన కూర్చున్నాను. గంటన్నర చూసి, మధ్యలో తను పెట్టిన చుక్కని తనే పట్టుకుంది. కుర్చీ వెనక్కి జరిపి కాసేపు నవ్వింది.

"అక్కా, పెళ్లికూతురికి బుగ్గన పెట్టాల్సిన చుక్క నేను ముక్కు మీద పెట్టాను" అంది.

ఆ సాయంత్రానికి మా ఫ్లోర్‌లో మెయిన్‌ఫ్రేమ్ వాళ్లందరి నోటా అదే మాట. ఇప్పుడు ఎవరి జాబ్ పడినా ముందు అడిగేది, చుక్క బుగ్గనే ఉందా అని.